మేకుల మోతలో మాటలు

శుభవార్త వచ్చేసరికి గురువారం ఉదయం పదకొండయింది. మేకుల ఫ్యాక్టరీలో ఇరవై రెండు యంత్రాలూ ఒక్కసారిగా ఆగాయి. అలా ఆగడం ఏడాదికి రెండుసార్లు జరిగితే గొప్ప. రంగులరాట్నం దిగాక కాళ్ళ కింద నేల ఇంకా తిరుగుతున్నట్టే, యంత్రాలు ఆగాక కూడా చెవుల్లో మోత కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

సూపర్‌వైజరు ఒక చెక్కపెట్టె ఎక్కి, చేతిలో కాగితం పట్టుకుని, ఆ ఊరి భాషలో ఏదో చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఉంగరమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. అందరికంటే అరక్షణం ఆలస్యంగా మొదలుపెట్టి, అందరూ ఆపేశాక ఇంకో రెండు కొట్టింది. ఆ రెండు చప్పట్లూ రేకుల కప్పు దాకా వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాయి. ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియదు.

యంత్రాలు మళ్ళీ మొదలయ్యాక, బల్లకు అవతలివైపు కూర్చున్న కండువా అక్కను కనుబొమలెగరేసి అడిగింది.

"ఏంటక్కా, ఏమన్నాడు?"

కండువా అక్క చేతులు గబగబా చెప్పాయి. "సోమవారం నుంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో పెట్టె బిగిస్తారట. మందపాటి గోడలు, ఒక అద్దం. మోతంతా లోపలే ఉండిపోతుంది. ఈ డిప్పలు ఇక అక్కర్లేదు. మన చెవులు బతికిపోయాయి పిల్లా!" అని, చెవులకు పెట్టుకున్న డిప్పలను చూపించి, రెండు చేతులూ చెంప కింద చేర్చి హాయిగా నిద్రపోతున్నట్టు నటించింది.

ఉంగరమ్మాయి నవ్వింది. నవ్వింది మొహమే. గుండె మాత్రం గుభేలుమంది.

ఎందుకో తెలియాలంటే ఆ ఫ్యాక్టరీ సంగతి కాస్త చెప్పాలి. తీగచుట్టను మింగి మేకులను కక్కే యంత్రాలవి. వాటి పక్కన నిలబడి చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. అందుకని నలభై ఏళ్ళుగా అక్కడివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటున్నారు. వేలు కొక్కెంలా మడిస్తే వంకర మేకు. పిడికిలి నుదుటికి ఆనిస్తే జ్వరం. రెండు చేతులతో బరువు ఎత్తుతున్నట్టు చూపిస్తే నిండు పెట్టె, పదిలంగా పట్టుకోమని. లేని మీసం మెలితిప్పితే సూపర్‌వైజరు వస్తున్నాడని. ఆయన మీసం తీసేసి తొమ్మిదేళ్ళయింది. ఆయన మొహమ్మీద పోయినా వాళ్ళ వేళ్ళలో అది ఇంకా నల్లగా, నిగనిగలాడుతూనే ఉంది.

ఒక మర్యాద కూడా ఉంది. ఎదుటివాళ్ళు చూస్తేనే మాట. తల దించుకుంటే తలుపు వేసుకున్నట్టు. అలసటో, దిగులో, ఇంటి గొడవో, వాళ్ళిష్టం. తలుపు వేసుకున్న మనిషిని ఎవరూ కదపరు. అక్కడ అంతకు మించిన మర్యాద లేదు.

పేర్లూ చేతులవే. ఈ అమ్మాయి ఎనిమిది నెలల క్రితం, పెళ్ళయిన నెలకే పనిలో చేరింది. కొత్త ఉంగరం కాస్త వదులు. జారిపోతుందేమోనని అస్తమానం తిప్పుకుంటూ ఉండేది. మూడో రోజుకల్లా ఉంగరం తిప్పడమే ఆమె పేరయిపోయింది. పేరు పెట్టిన సాయంత్రం ఎంత మురిసిపోయిందంటే, ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి తనను తానే నాలుగుసార్లు పిలుచుకుంది. ఎదురుగా కూర్చునే ఆవిడ ఎండైనా చలైనా మెడలో ముదురు నీలం కండువా తీయదు. మెడచుట్టూ ఒక సున్నా చుడితే ఆవిడ పేరు. అది పోయిన భర్త కండువా అని అయిదో నెలలో చేతులతోనే చెప్పింది. చెప్పి, తల దించుకుని తలుపు వేసుకుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఉంగరమ్మాయి ఆమెను కదపలేదు.

కాలేజీలో ఉంగరమ్మాయికి వక్తృత్వపు పోటీలో రెండు కప్పులొచ్చాయి. ఇంట్లో అందరూ వాగుడుకాయ అనేవాళ్ళు. అలాంటిది ఈ ఊరొచ్చాక నోట్లో నాలుక లేనిదైపోయింది. కూరగాయల కొట్లో వేలితో చూపించడం, బస్సులో చీటీ చూపించడం, పక్కింటావిడ ఏదో అంటే పళ్ళు కనపడేలా నవ్వడం. భర్త అయిదేళ్ళుగా ఈ ఊళ్ళో సిటీబస్సు నడుపుతున్నాడు, భాష గడగడా మాట్లాడతాడు. కానీ ఆయనది సాయంత్రం డ్యూటీ. ఈమె పనినుంచి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయి ఉంటాడు, ఆయన వచ్చేసరికి ఈమె నిద్రలో ఉంటుంది. కొత్త కాపురమంతా పొద్దున్నపూట గంటంబావులోనూ, ఆదివారంలోనూ ఇమడాలి. మిగతాదంతా ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లో నడిచేది.

అందుకని రోజు మొత్తమ్మీద ఆమె మనసారా మాట్లాడేది ఆ మోతలోనే. ఏం మాట్లాడుకునేవాళ్ళో అడక్కండి! అక్క మోకాలి నొప్పి, దూరాన కాపురాలు చేసుకుంటున్న ఆమె ఇద్దరు కూతుళ్ళు, మీసాలాయన నడక, ఉంగరమ్మాయి మాడ్చిన గిన్నె.

"మీ ఆయన్ని ఎప్పుడు చూస్తావు పిల్లా అసలు?"

"పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు, అక్కా."

"అదృష్టవంతురాలివి. నోరు ఖాళీ ఉండదు, పోట్లాట రాదు!"

మరి టీ కూత పడితే? అక్కడే ఉంది బాధంతా. తలుపు దాటి క్యాంటీన్లోకి అడుగుపెట్టగానే డిప్పలు దిగుతాయి, చేతులు కప్పుల చుట్టూ ముడుచుకుంటాయి, నోళ్ళు తెరుచుకుంటాయి. వాళ్ళూ నాలుగైదు చోట్లనుంచి వచ్చినవాళ్ళే. ఇళ్ళల్లో ఎవరి భాష వాళ్ళది. కానీ టీ దగ్గర అందరూ ఆ ఊరి భాషే. ఉంగరమ్మాయి ఒక వాక్యాన్ని మనసులో కూడదీసుకునేసరికి కబుర్లు రెండు మలుపులు తిరిగిపోయేవి. అందరూ నవ్వాక నవ్వడం ఆమెకు అలవాటైపోయింది. ఇక లాభం లేదని బల్ల చివర కూర్చుని, తల వంచుకుని, టీలో తేలే మీగడను చెంచాతో అటూ ఇటూ తోసేది. ఆమె పక్క కుర్చీ, ఎదుటి కుర్చీ ఎప్పుడూ ఖాళీ. కండువా అక్కయితే కప్పు తీసుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళిపోయేది. వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. మొదట్లో ఒకటి రెండు రోజులు ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషే!

రైల్లో స్నేహం లాంటిదేలే, దిగాక ఎవరు ఎవరికి అని తనకు తానే సర్దిచెప్పుకుంది ఉంగరమ్మాయి. సర్దిచెప్పుకుందే గానీ, ఆ ఇరవై నిమిషాలూ రోజూ కొత్తగానే గుచ్చుకునేవి.

ఇప్పుడు సోమవారం నుంచి మోత ఉండదు. అంటే ఫ్యాక్టరీ అంతా క్యాంటీనే. అందరికీ చెవులు తిరిగొస్తాయి. ఆమెకున్న ఒక్క మనిషీ పోతుంది.

శుక్రవారం పొద్దున్న భర్త టీ గిన్నె దగ్గర నిలబడి సంగతి విని సంబరపడ్డాడు.

"మంచి కబురేగా! నీ చెవులు బాగుంటాయి."

"నా చెవులు బాగుంటాయండీ, నోరే పడిపోతుంది."

ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. స్టవ్ తగ్గించాడు.

"వాగుడుకాయ్, ఇటు చూడు. ఒక్క వాక్యం నేర్చుకో చాలు. మీ పక్కన కూర్చోవచ్చా? అంతే. మిగతాది ఆవిడే చూసుకుంటుంది."

"కూర్చున్నాక?"

"కూర్చున్నాక టీ తాగు! ముందే అన్నీ ఆలోచించెయ్యకు."

ఆ వాక్యం ఆ ఊరి భాషలో అయిదు మాటలు. మూడో మాట దగ్గర నాలుక మడతపడేది. ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆమె తలుపు గొళ్ళేన్ని అడిగింది పక్కన కూర్చోవచ్చా అని, మెట్లను అడిగింది, బస్టాపులో స్తంభాన్ని అడిగింది. స్తంభం కాదనలేదు. ఆ చిన్న ధైర్యానికే దారంతా ఉత్సాహంగా ఉంది.

టీ వేళకు కప్పు పట్టుకుని వెనక మెట్ల దగ్గరికి వెళ్ళింది. మూడే సిమెంటు మెట్లు. పక్కన చొట్టలు పడ్డ బకెట్టు, ఎదురుగా తుప్పు వాసనేసే తీగచుట్టలు. మధ్య మెట్టు మీద కండువా అక్క. అడుగుల చప్పుడుకి తలెత్తి చూసింది. కళ్ళలో ఆశ్చర్యం, ఆ వెంటనే ఏదో వెలుగు.

ఉంగరమ్మాయి నోరు తెరిచింది. మొదటి మాట వచ్చింది. రెండోది సగం వచ్చింది. మూడోది రాలేదు. ముప్ఫైసార్లు వల్లించిన మాట, ఎక్కడికి పోయిందో పోయింది. చెవులు వేడెక్కాయి. పెద్దావిడ అలా మొహంలోకి చూస్తూంటే ఇంక నిలబడలేక తల దించుకుంది.

ఎత్తేసరికి కండువా అక్క లేచి నిలబడి ఉంది. ఆమె భుజాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా తాకి, కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడు మెట్లూ ఉంగరమ్మాయికి వదిలేసింది. మధ్య మెట్టు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం మీద కూర్చుని చల్లారిపోయిన టీ తాగింది.

శనివారం మోతకు ఆఖరి రోజు. ఆ రోజు ఉంగరమ్మాయి మణికట్లు లాగేదాకా మాట్లాడింది. చిన్నప్పుడు పెంచిన కుక్కపిల్ల గురించి, భర్త కూనిరాగాల గురించి, ఎదురింటి కిటికీలో ఎండేసే ఎర్ర దుప్పటి గురించి. వంకర మేకులు ఏరడం మర్చిపోయి రెండుసార్లు బుట్ట నిండిపోయింది.

"ఏంటి పిల్లా, ఈ రోజు గేట్లు ఎత్తేశావు?" అంది కండువా అక్క.

సోమవారం నుంచి నువ్వుండవుగా అని చెప్పాలి. ఆ భాషలో అలాంటి మాటలు లేవు. యంత్రం, తీగ, జ్వరం, మొగుడు, తిండి, నవ్వు ఉన్నాయి గానీ దిగులుకు ఏ వేలూ లేదు. ఆలోచించి ఆలోచించి, తీగ అయిపోయినా యంత్రం ఉత్తినే తిరుగుతోందని చెప్పే సైగ చేసి, ఆ చేతిని తన గుండె మీద పెట్టుకుంది.

కండువా అక్క కంగారుగా లేచి, ఏ యంత్రం ఖాళీగా తిరుగుతోందా అని ఇరవై రెండింటినీ తలతిప్పి తిప్పి చూసింది. మెకానిక్కును కూడా పిలిచింది. పాపం ఆయన వచ్చి, అన్నిటికీ తీగ ఉందని చూసి, ఇద్దరినీ గుర్రుగా చూసి వెళ్ళిపోయాడు. ఉంగరమ్మాయికి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళనీళ్ళూ వచ్చాయి. రెండూ కనపడకుండా మేకుల మీదికి వంగింది.

ఆదివారం భర్త పక్కనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి దుప్పట్లు ఆరేశారు, ఒకే కప్పులో టీ తాగారు. అంత సుఖంలోనూ రేపు అన్న మాట మధ్యమధ్య గుర్తొస్తూనే ఉంది.

సోమవారం. ఇరవై రెండు యంత్రాలూ బూడిదరంగు పెట్టెల్లో ఉన్నాయి. మీట నొక్కారు. పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నంత చప్పుడు, అంతే. జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ డిప్పలు తీశారు. ఆపైన మాటలు మొదలయ్యాయి, కుళాయి విప్పినట్టు. మూలనున్న లావుపాటి ఆవిడ పాటందుకుంది. మీసాలాయన ఏదో పురమాయించాడు. సన్నగా, చిన్నపిల్లాడి ఈలలా ఉండే ఆ గొంతును పని మధ్యలో వినడం అందరికీ అదే మొదటిసారి. షెడ్డు ఘొల్లుమంది. ఉంగరమ్మాయి కూడా ఈసారి అందరితోపాటే నవ్వింది, దానికి భాష అక్కర్లేదు కనక. కానీ ఆ నవ్వు అయ్యాక కబుర్లు మళ్ళీ ఆమెను దాటి వెళ్ళిపోయాయి.

కండువా అక్క పక్కావిడతో ఏదో అంటోంది. ఆమె గొంతు బొంగురు. ఎనిమిది నెలలుగా తనకు ఆమె ఇంటి గుట్టంతా తెలుసు, గొంతు మాత్రం తెలియదు.

తల దించుకుంది. వంకర మేకులొక వైపు, మంచివొక వైపు. ఎవరూ ఆమెను కదపలేదు. టీ వేళ కూడా అలాగే గడిచిపోయింది. ఇక రోజూ ఇంతేనన్నమాట అనుకుంది.

టిక్.

ఎక్కడో చిన్న చప్పుడు. పట్టించుకోలేదు.

టిక్. టిక్.

తలెత్తింది. కండువా అక్క ఒక మేకు పట్టుకుని రేకు పళ్ళెం మీద కొడుతోంది. ఇన్నాళ్ళ మోతలో తల దించుకున్న మనిషిని పిలిచే దారే లేదు. ఇప్పుడుంది. అక్కకు మొహంలో తప్పు చేస్తున్న బెరుకు. మేకు కింద పెట్టి, చేతులెత్తింది.

"తలుపు కొట్టాను, కోప్పడకు. ఒక్క మాట అడుగుతా, చెప్పి మళ్ళీ వేసుకో. నేనేం చేశాను?"

"ఏం చేశావు?" ఉంగరమ్మాయి తెల్లబోయింది.

"అదే అడుగుతున్నా. మొదటి రోజు టీకి నీ ఎదురుగా వచ్చి కూర్చున్నా. తలుపేశావు. కొత్త కదా, ఇల్లు గుర్తొచ్చిందేమో అనుకున్నా. రెండో రోజూ వేశావు. ఆ పిల్లకు టీ వేళ ఒంటరిగా ఉండాలని ఉంది, ఎవరూ పక్కన కూర్చోకండి అని అందరికీ నేనే చెప్పా. ఇన్ని నెలలు ఒక్కళ్ళు కూర్చున్నారా? మొన్న మెట్ల దగ్గరికి నువ్వే వచ్చావు. ఎంత సంతోషపడ్డానో! వచ్చి మళ్ళీ తలుపేశావు. మెట్లు కూడా కావాలి కాబోలని లేచిపోయా. ఇక్కడేమో ఇన్ని కబుర్లు చెబుతావు. గడప దాటితే నేను నీకు పనికిరానా?"

ఉంగరమ్మాయి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఖాళీ కుర్చీలు, వెనక్కి తిరిగి చూడని కండువా, భుజం మీద రెండు వేళ్ళు, అన్నీ ఒక్కొక్కటే తిరగబడుతున్నాయి. తల దించడం తలుపని ఆమెకు తెలియక కాదు. మోతలో తనూ వందసార్లు వేసింది. ఆ తలుపు క్యాంటీన్లోకి కూడా తనతో వస్తుందని ఎప్పుడూ తోచలేదు. నోళ్ళతో మాట్లాడుకునే చోట మెడ ఎవరు చూస్తారనుకుంది. ఏళ్ళ తరబడి చేతులతో బతికినవాళ్ళు, అక్కడా మెడే చూశారు.

"అది తలుపు కాదక్కా! నువ్వు పెద్దదానివి. మా ఇంట్లో పెద్దవాళ్ళ ముందు..." గౌరవానికి సైగ లేదు. వెతుక్కుని వెతుక్కుని నిండు పెట్టె సైగ పట్టుకుంది. "నువ్వు బరువు. పదిలంగా చూసుకోవాలి."

కండువా అక్క తన నడుమును ఒకసారి చూసుకుంది. "అంత లావయ్యానా?"

"కాదు కాదు కాదు!" ఉంగరమ్మాయి రెండు చేతులూ ఊపేసింది. నోరు తెరిచి, లోపల వేలితో చూపించి, ఖాళీ అరచేయి ముందుకు చాపింది. "ఇక్కడ మాట లేదు. సిగ్గు. అందుకని తల దించుకున్నా. అన్నిసార్లూ అంతే. ఎవరైనా కూర్చుంటే బాగుండునని రోజూ ఎదురుచూశా."

కండువా అక్క ఆ ఖాళీ అరచేతిని చాలాసేపు చూసింది. సంగతి అర్థమైంది. తర్వాత ఆ బొంగురు గొంతుతో పెద్దగా నవ్వింది, కండువా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే. షెడ్డులో అందరూ తిరిగి చూశారు. అక్క ఆ ఊరి భాషలో గట్టిగా రెండు ముక్కలు చెప్పింది. మోత లేదుగా, చివరి బల్ల దాకా వినపడింది.

పాట ఆగింది. లావుపాటావిడ నెత్తిన చేయి పెట్టుకుంది. పెట్టెలు మోసే పెద్దాయన రెండు అరచేతులూ పైకెత్తి చూపించాడు, తప్పయిపోయిందన్నట్టు. ఎవరో దూరంనుంచి ఆమె పేరు పిలిచారు, ఉంగరం తిప్పి. మరొకరు తిప్పారు. ఆమె అందరికీ తలెత్తే ఉంచింది. మెడ నొప్పి పుట్టినా దించలేదు.

"రేపు," అంది కండువా అక్క, చేతులతోనే, మోత లేకపోయినా. "రేపు టీకి మెట్ల మీద. నీ తల పైనే ఉండాలి. నీ మాట ఒకటి నాకు నేర్పు, నా మాట ఒకటి నీకు నేర్పుతా. నోటితో రాకపోతే ఇవి ఉన్నాయిగా." అని పదివేళ్ళూ ఆడించింది.

సాయంత్రం ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. గోడగడియారం, మూత పెట్టిన పళ్ళెం, తలుపు వెనక ఆయన చొక్కా. ఇంత కబురు చెప్పడానికి మనిషి లేడు. గదికే చేతులతో మొత్తం చెప్పింది, అక్క నవ్వుతో సహా. గది విన్నది. ఆ ఎనిమిది నెలల ఖాళీ కుర్చీలు తలచుకుంటే ఇంకా బాధగానే ఉంది. అన్ని టీలు అలా చల్లారిపోయాయి కదా అని.

ఫ్రిజ్ మీద ఆయన చీటీ: "ఈ రోజైనా వాక్యం అడిగావా?"

దాని కిందే రాసి అంటించింది:

"అడగలేదండీ, అవసరం పడలేదు. రేపు పొద్దున్న ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా టీ పోసివ్వండి. చక్కెర ఎంత వెయ్యాలి అని ఆ భాషలో ఎలా అడగాలో కూడా నేర్పండి. రేపు టీ వేళకు వెనక మెట్ల మీద కండువా అక్కకు నేను టీ పోస్తున్నాను."